ఫిల్మ్‌నగర్ నీళ్ళ ఆఫీసులో మూడు గంటలు

ఫిల్మ్‌నగర్ నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదులు రాసుకోవడం నా పని. కాంట్రాక్టు ఏజెన్సీ తరఫున తొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ. ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు యూసుఫ్‌గూడలో నీళ్ళ బోర్డు యూనియన్ మీటింగ్, దానికోసం పూట సెలవు పెట్టుకున్నాను. ప్రభుత్వ సేవల్లో పనిచేసేవాళ్ళకు దేశదేశాలవాళ్ళు కలిసిన ఒక సమాఖ్య ఉంది, మా యూనియన్ కూడా అందులోదే. దాని చరిత్ర మీద పది నిమిషాలు మాట్లాడమని సెక్రటరీగారు నాకు చిన్న పుస్తకం ఇచ్చారు. చర్చిలో వాక్యం చదివే అలవాటుంది కాబట్టి భయపడనని ఆయన నమ్మకం.

వారం పాటు బస్సులో అదే చదివి, చెప్పాల్సింది కాగితాల మీద రాసుకున్నాను. వందేళ్ళకు పైగా కిందటి మాట. ఐరోపాలో గ్యాసు, కరెంటు, నీళ్ళ పనివాళ్ళు కలిసి మొదలుపెట్టారట. మొదటి ప్రపంచ యుద్ధంలో చెదిరిపోయి, అది ముగిశాక మళ్ళీ కూడారు. తర్వాత జర్మనీలో సంఘాలను అణిచేస్తే ఆఫీసునే ఇంకో దేశానికి తరలించుకున్నారు. చదివేకొద్దీ వాళ్ళంతా నా చుట్టాల్లా అనిపించారు.

పదకొండింటికి పక్క బస్తీ ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వచ్చారు. నాలుగు రోజులుగా నీళ్ళు లేవు. లైన్‌మన్ బయటికి వెళ్ళాడు, ఇంజినీరుగారు ఫోన్ ఎత్తడం లేదు. ఆ మాట చెప్పేలోపే ఒకామె గ్రిల్ తలుపు లాగి, దానికే వేలాడుతున్న తాళం వేసి చెవి తీసుకుంది.

"నీళ్ళొచ్చేదాక నువ్వు గీడనే కూసో."

ఆమె జూనియర్ ఆర్టిస్టు. తలస్నానం లేకుండా వెళ్ళిందని ముందురోజు షూటింగు నుంచి వెనక్కి పంపేశారట. ఆమె మీద కోపం తెచ్చుకోలేకపోయాను. పోలీసులకు ఫోన్ చేస్తే, గొడవ తెచ్చానని ఏజెన్సీ నన్నే తీసేస్తుంది. చేయకపోతే మీటింగ్ పోతుంది. బాత్రూమ్ గ్రిల్ అవతల ఉంది. తలుపు తీయమని అడగడానికి సిగ్గేసి, కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను.

కాసేపటికి ఆమె నా చేతిలో కాగితాలేమిటని అడిగింది. చదివి వినిపించాను. ఊచలు పట్టుకుని చివరిదాకా విన్నది.

"గా సంఘంల నీ పేరుందా అక్కా?"

"లేదు. మా యూనియన్ పర్మనెంటు వాళ్ళది. ఏజెన్సీ వాళ్ళని ఇంకా చేర్చుకోలేదు."

"మరి నువ్వెందుకు చెప్తున్నవ్?"

ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. వారం రోజుల్లో ఆ ప్రశ్న నాకు ఒక్కసారీ రాలేదు. కాగితాలు మడిచాను.

రెండింటికి నీళ్ళొచ్చాయని ఎవరో అరిచారు. ఆమె తాళం తీసి, ఏమనుకోవద్దని నా చెయ్యి నొక్కి, బిందె పట్టుకుని పరుగెత్తింది.

నేను వెళ్ళేసరికి మీటింగ్ అయిపోయింది. నా బదులు ఇంకెవరో ఫోన్లో చూసి చదివేశారు. కుర్చీలు ఎత్తిస్తున్న సెక్రటరీగారి దగ్గరికి వెళ్ళి, నా పేరు ఎప్పుడు చేర్చుకుంటారని అడిగాను.

"రూలు మారాలమ్మా," అన్నారాయన, నా వైపు చూడకుండా.

మర్నాడు ఆఫీసు ఎందుకు మూశావని ఏజెన్సీ సంజాయిషీ అడిగింది. బయటినుంచి తాళం వేశారని రాసిస్తే, అది కొట్టేసి, సమయానికి తెలియజేయకపోవడం నా తప్పేనని రాయించారు. ఈ వయసులో నన్ను ఇంకెక్కడ పనిలోకి తీసుకుంటారు? సంతకం పెట్టాను.