మిలిటరీ లారీలో పొదుగుడు కోడి

ఆ రోజుల్లో సైన్యం పనికిరాదని తీసేసిన లారీకి కూడా మా చిత్తూరులో ఇంకో ఇరవై ఏళ్ల ఆయుష్షు ఉండేది. వేలంలో ఎవరో కొని తెచ్చి, పచ్చరంగు మీద ఎర్రరంగు పూసి చెరకు తోలేవారు. ఏదైనా భాగం పాడైతే కొత్తది దొరికేది కాదు. గుజిరీకి (పాత ఇనుము అమ్మే చోటును మావైపు అలా అంటారు) పోయి, చచ్చిన లారీలోంచి విప్పి బతికున్న లారీకి బిగించుకోవాలి. అందులో తప్పేమీ లేదు. తప్పంతా విప్పేవాడి దగ్గర ఉంటుంది. మా ఇంట్లో ఆ విప్పేవాణ్ణి నేను.

మా నాయన బెల్లం వ్యాపారి. ఆయన కొన్న మిలిటరీ లారీని మా అన్న తోలేవాడు. అన్న ఐదో తరగతితో బడి మానేసినవాడు, ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలవాడు. నేనేమో తిరుపతిలో ఐటీఐ ముగించి, సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించుకొని వచ్చిన మెకానిక్కుని. ఇరవై రెండేళ్ల వయసు. చొక్కా జేబులో మూడు రంగుల సిరా పెన్నులు (మెకానిక్కుకు మూడు రంగులు ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగినా నా దగ్గర జవాబు లేదు). స్పానరు పట్టేముందు చొక్కా చేతులు నాలుగు మడతలు పెట్టేవాణ్ణి. ఆ మడతలయ్యేసరికి అన్న సగం పని ముగించేవాడు.

అన్నకు పలమనేరులో ఒక సంబంధం వచ్చింది. పెళ్లిచూపులు నాలుగు రోజులున్నాయనగా లారీకి మాస్టర్ సిలిండర్ కారడం మొదలుపెట్టింది. పెడలు తొక్కితే బ్రేకు నూనెను చక్రాల దాకా తోసేది అదే. "బస్సులో పోదాంలేరా చిన్నోడా" అన్నాడు అన్న. నేను ఒప్పుకోలేదు. పెళ్లికొడుకు సొంత లారీలోంచి దిగుతుంటే ఆ వీధంతా నిలబడి చూడాలని నా పట్టుదల.

ఇద్దరం గుజిరీకి పోయాం. అక్కడ ముళ్లకంపల మధ్య రెండు మిలిటరీ లారీలున్నాయి. ఒకటి తుప్పు పట్టి, అద్దాలు పగిలి, చూడటానికే జాలిగా ఉంది. అన్న దాని కింద దూరి, బయటికి వచ్చి, "ఈ బండిదే మంచి సిలిండరు. ఈమధ్యే ఎవరో రబ్బర్లు మార్చినారు" అన్నాడు. దాన్ని విప్పాలంటే పైనుంచే విప్పాలి. నేను తలుపు తీశాను. డ్రైవరు కాళ్లు పెట్టేచోట గడ్డి పరుచుకొని ఒక కోడి పొదుగుతోంది. నేను వేలు చూపించడమే ఆలస్యం, ముక్కుతో నా సర్టిఫికెట్టు విలువ ఎంతో తేల్చేసింది. అరుపు విని గుజిరీ నడిపే అవ్వ పరుగున వచ్చింది.

"దాని జోలికి పోవద్దు నాయనా. ఇంగా పది దినాలుండాది పిల్లలు లేసేదానికి. ఆ తర్వాత బండికి బండే ఇప్పుకొని పో" అంది.

"పది దినాలాగితే పెండ్లిచూపులు అయిపోతాయవ్వా" అన్నాను.

"లారీతో ఏం పని? పిల్లను సూసేది కండ్లతో కదా" అంది అవ్వ. అన్న నవ్వి, "ఆగుదాంరా" అన్నాడు.

నేను ఆగలేదు. రెండో లారీ పైకి నున్నగా ఉంది. మర్నాడు ఒక్కడినే పోయి దాని సిలిండర్ విప్పుకొచ్చాను. కిరోసినుతో కడిగి, నల్లరంగు వేసి, కొత్తదానిలా మెరిపించి అన్న ముందు పెట్టాను.

"లోపల రబ్బర్లు సూసినావా?" అని అడిగాడు అన్న.

"చూసినానన్నా. బాగుండాయి" అన్నాను. చూడలేదు. రంగు అప్పుడే ఆరింది, మళ్లీ విప్పితే చెడిపోతుందని.

అమ్మ మాత్రం "యుద్ధానికి పొయ్యే బండిలో పెండ్లిచూపులకు నేను రాను" అని నాయనతో కలిసి బస్సెక్కింది. మేమిద్దరం లారీలో మొగిలి ఘాటు ఎక్కి పలమనేరు చేరాం. వీధి చూసింది. ఆ పిల్ల తలుపు చాటునుంచి ముందు లారీని చూసింది, తర్వాత అన్నను చూసింది. కాఫీ ఇస్తూ, "అంత పెద్ద బండి మీరొక్కరే తోలతారా?" అని మెల్లగా అడిగింది. ఎప్పుడూ తడబడని అన్న గ్లాసును గాల్లోనే పట్టుకొని ఉండిపోయాడు. పెద్దవాళ్లు తాంబూలాల మాట కూడా అనుకున్నారు.

తిరుగుదారిలో ఘాటు సగం దిగాక పెడలు నేలను తాకింది. అన్న మళ్లీ తొక్కాడు. మళ్లీ నేలే. గేరు తగ్గించాడు, చేతిబ్రేకు లాగాడు, లారీ వినలేదు. "చిన్నోడా, గట్టింగా పట్టుకో" అన్నాడు, నీళ్లు అడిగినంత మామూలుగా. కొండ కుడివైపు ఉంది. తనున్న వైపే బండకు ఆనేలా లారీని తిప్పాడు.

నాకు గీత కూడా పడలేదు. జేబులో పెన్నులు పగిలి, ఎర్రసిరా చొక్కానిండా కారింది. వెనక వచ్చిన లారీవాళ్లు ఆ ఎరుపు చూసి, "గుండెకు తగిలింది, ఇతన్ని ముందు దించండప్పా" అంటూ నన్ను మోసుకుపోయి నీడన పడుకోబెట్టారు. సిరా అని చెబుదామంటే నోరు రాలేదు. కాలు విరిగిన అన్న లోపలే ఎదురుచూశాడు.

అన్నను పుత్తూరు కట్టు దగ్గరికి తీసుకుపోయాం. కోడిగుడ్డు సొన, ఆకుపసరు వేసి కట్టు కట్టారు. ఇక్కడ గుజిరీలో గుడ్లు పగిలి కోడిపిల్లలు లేచిన రోజున అన్న అక్కడ మంచం మీద ఉన్నాడు. నేను సిలిండర్ విప్పి చూశాను. నూనెను తోయాల్సిన లోపలి రబ్బరు నానిన శనగగింజలా ఉబ్బిపోయి ఉంది. దాన్ని జేబులో వేసుకొని, అందరికీ చెప్పేయాలని పుత్తూరు పోయాను.

నేను పోయేసరికి నాయన మంచం పక్కన నిలబడి ఉన్నాడు. "మంచి బండిని ఒక్క మలుపులో పోగొట్టినావు కదరా. ఇంగ ఆ సంబంధం నిలుస్తాదా? యాడైనా కునుకు తీసినావా?" అంటున్నాడు.

అన్న నావైపు చూశాడు. జేబులో ఉన్న నా చెయ్యి బయటికి రాలేదు. "అవు నాయనా, రెప్ప పడింది" అన్నాడు అన్న.

ఎముక అతికింది గానీ మోకాలు మళ్లీ పూర్తిగా మడతపడలేదు. పలమనేరు వాళ్లు కొన్ని నెలలు ఆగి, ఆ పిల్లను ఇంకొకరికి ఇచ్చారు. లారీ గుజిరీకే పోయింది. అన్న మండీలో కాటా దగ్గర కూర్చునే పనిలో కుదిరాడు. ఆరేళ్లకు పెళ్లయింది, పిల్లలు కలిగారు. స్టీరింగు మాత్రం మళ్లీ పట్టలేదు. ఇంటికి ఎవరొచ్చినా నాయన "నిద్రపోతా బండి తోలిన మొనగాడు వీడే" అని చూపించేవాడు. అన్న నవ్వేవాడు. నేను అక్కణ్ణుంచి లేచిపోయేవాణ్ణి. తర్వాత నాకు తిరుపతిలో పిల్లలకు మెకానిక్ పని నేర్పే ఉద్యోగం వచ్చింది (మొదటి పాఠం రబ్బర్ల గురించే).

నాయన పోయి, కర్మకాండ ముగిశాక అన్నకు చెప్పాను. "ఆ దినం నేను రబ్బర్లు చూడలేదన్నా. అబద్ధం చెప్పినాను."

"తెలుసు" అన్నాడు అన్న. "నీ గోళ్లకు నల్లరంగే ఉణ్ణింది, నూనె మడ్డి లేదు. సిలిండరు లోపల ఇప్పి సూసినోడి గోళ్లు అట్లుండవు."

"మరి ఎందుకు తోలినావు?"

"పెడలు తొక్కి సూస్తే నిలబడింది. సరేలే అనుకున్న్యా. లారీలో పోయి దిగాలని నాగ్గూడా ఉణ్ణింది కదరా."

"నాయనకైనా చెప్పుండొచ్చు కదన్నా."

"నాయన తిట్లు నాకు అలవాటే. నీకు అలవాటు లేదు" అని, ఆ కాలు చాపుకొని పక్కకు తిరిగాడు.

ఇప్పటికీ మొగిలి ఘాటు దిగే బస్సులో కూర్చుంటే నా కుడికాలు దానంతట అదే నేలను గట్టిగా తొక్కుతుంది. పక్కసీటువాళ్లు గమనించి, "డ్రైవరు ఉండాడులే సార్" అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కాలు మాత్రం ఘాటు దిగేదాకా తియ్యను.