కర్టిస్ బెంచీ

వెర్నా రోజూ పొద్దున్నే తడిగుడ్డ పట్టుకెళ్లి, చనిపోయిన కొడుకు పేరున యూనివర్సిటీ పచ్చికలో వేయించిన బెంచీని తుడిచి వచ్చేది. ఈ వారం అక్కడ విద్యార్థులు గుడారాలు వేశారు. బాంబుల కంపెనీలో పెట్టిన సొమ్మును యూనివర్సిటీ వెనక్కి తీసుకోవాలట. వెర్నా నమ్మలేదు, పరీక్షలు ఎగ్గొట్టే ఎత్తే అనుకుంది. చేతిసంచిని చంకలో అదుముకుని, గుడారాలను ఓరగా చూస్తూ నడిచింది. తీరా చూస్తే బెంచీ నిండా సుద్దరాతలు. మాస్కు పెట్టుకున్న పిల్ల ఒకతి అడ్డం వచ్చింది.

"ఆగండి మేడమ్. తుడిపేయమని ఆఫీసువాళ్లు పంపారా?"

"నన్నెవరు పంపుతారే? ఇది నా కర్టిస్ బెంచీ. మొహం దాచుకున్నదానివి, నువ్వా నన్ను నిలదీసేది?"

పిల్ల తప్పుకుంది గానీ, కళ్లు గుడ్డ మీదే ఉన్నాయి. "మీ అబ్బాయి పేరు మీద రాయలేదండీ. చుట్టూ రాశాం. ఆ బాంబులకు పోయిన పిల్లల పేర్లవి."

వెర్నా వంగి చూసింది. కొడుకు పేరున్న ఇత్తడి రేకు మీద పావురం రెట్ట తప్ప మరేమీ లేదు. దాని కిందనే ఒక పేరు, పక్కన నాలుగేళ్లు అని.

"వీడికి తల్లి ఉందా?"

"ఉందంటండీ."

రేకు తుడిస్తే నీళ్లు ఆ పేరు మీదికే జారతాయి. వెర్నా గుడ్డను మడిచి సంచిలో పెట్టుకుంది.

"రేపొస్తా. మాస్కు తీసి మాట్లాడు," అని, రెట్టను అలాగే వదిలేసి వెళ్లిపోయింది.