గోల్‌కీపర్ ఎవరు?

గుడియాత్తం మైదానం పక్కన తంగమ్మ ఇడ్లీలు అమ్ముతుంది. లీగ్ పోటీలకు ముందు ఆడిన ప్రాక్టీసు మ్యాచ్ చూసినవాళ్లు ఆమె బండి దగ్గరే వాదులాడుకుంటున్నారు. ఈసారి గోల్‌కీపర్‌గా ఆమె కొడుకు సురేంద్రన్ ఉండాలా, కొత్తగా వచ్చిన విఘ్నేష్ ఉండాలా అన్నదే గొడవ.

"ఒక్క మ్యాచ్‌లో తడబడినాడని సురేంద్రన్‌ను తీసేస్తారా అప్పా?" అన్నాడు మేస్త్రీ సుబ్బరాయులు, ఆమె మనసు నొచ్చుకుంటుందని.

తంగమ్మ అతని ఆకులో చట్నీ వడ్డించింది.

"విఘ్నేష్‌నే నిలబెట్టండి నాయనా. మావాడికి మోకాలు వాచి ఉండాది. వాడు నోరు తెరిచి చెప్పడు."

అందరూ మైదానం వైపు తిరిగి చూశారు. అవతల సురేంద్రన్ కుంటుతూనే విఘ్నేష్‌కు బంతి మీదికి దూకడం నేర్పుతున్నాడు.

"వాడే తేల్చుకున్నట్టుండాదే," అన్నాడు సుబ్బరాయులు మెల్లగా.

తంగమ్మ ఆ ఇద్దరి కోసం వేడి ఇడ్లీలు పక్కన తీసిపెట్టింది.