మాట ముందే తీసుకున్న ఎస్తేరమ్మ

పోయిన గురువారం పొద్దున నంద్యాల నుంచి వచ్చిన తొలి బస్సు కండక్టరు ఆళ్లగడ్డ బస్టాండులో దిగీ దిగగానే నా దగ్గరికి వచ్చి చెప్పాడు: "పెద్దాయనా, నర్సు ఎస్తేరమ్మ పోయిందంట. నంద్యాలలో తమ్మునింటికి పోయిండె గదా, ఆడనే. గుండె నొప్పంట." నాకంటే ఇరవై ఏండ్లు చిన్నది. ముందు పోవలసిన నేను వరుసలో నిలబడే ఉండగా, మృత్యువు ఏ న్యాయాన ఆమెను పిలుచుకున్నదో ఎవరిని అడగాలి?

పక్కనున్న ఒక పెద్దమనిషి "ఎవురూ, ఆ మంత్రసానా?" అని మళ్లీ పేపరులో తల దూర్చాడు. నాకు ఒళ్లు మండింది. "ఆ మంత్రసానే నాయనా. నీ ముగ్గురు బిడ్డలూ ఎవురి చేతుల్లో పడినారో ఇంటికి పోయి నీ పెండ్లాన్ని అడుగు" అన్నాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి శోకం ఎంత కారణమో ఆ కోపమూ అంతే కారణం. బడి మొగం చూడకుండా ఇంట్లోనే అక్షరాలు దిద్దుకున్నవాణ్ని. తప్పులుంటే పాఠకులు మన్నింతురు గాక.

కర్నూలు మనకు రాజధాని అయిన ఏడాది ఆమె ఆళ్లగడ్డ సర్కారు ప్రసూతి కేంద్రానికి వచ్చింది. తెల్లచీర, నల్లగొడుగు, చేతిలో రేకుపెట్టె. క్రైస్తవురాలు, ఊరి వెలుపలి పేటలో పుట్టిన మనిషి. ఆమెకు ఊళ్లో ఎవరూ ఇల్లు అద్దెకివ్వలేదు. నేనిచ్చానని ఎవరైనా అనుకునేరు, నేనూ ఇవ్వలేదు. కేంద్రం వెనక గదిలోనే ఆమె కడదాకా కాపురముండింది. పురుడు పోయడానికి మా ఇండ్లకు వస్తే పెరటిదారిన రానిచ్చేవాళ్లం; పని ముగిశాక ఆ గది కడిగించేవాళ్లం. ప్రాణదానం చేసిన చేతిని మేము గౌరవించిన తీరు అది!

మా సేద్యగాళ్ల కుటుంబాల్లో తొలి కాన్పు పుట్టింట్లో. ఖర్చు, చాకిరీ అన్నీ పుట్టింటివే. కానీ పిల్ల మాత్రం అత్తింటి సొత్తు. కాన్పు కష్టమై ఆసుపత్రికి తీసుకుపోవాలంటే అత్తింటి పెద్ద మాట రావాలి. ఆ పెద్దకేమో పరువు: "మా కోడలు సర్కారాసుపత్రిలో కంటే, మాకు తిండికి లేదనుకోరా?" ఇక కూలి జనానికి ఈ పరువు బాధ లేదు, రమ్మంటే వస్తారు, కానీ వాళ్లను తీసుకురావడానికి బండి ఉండదు, తోడు వచ్చినవాళ్లకు ఆ నాటి కూలి పోతుంది. ఎస్తేరమ్మ నవ్వుతూ అనేది: "ఈ ఊర్లో బండి ఉన్నోనికి మాట ల్యా, మాట ఉన్నోనికి బండి ల్యా." అని ఊరుకునేది కాదు, మా వాకిళ్లలో నిలబడి పేదల కోసం మా బండ్లే కట్టించేది.

ఆమె వచ్చిన రెండో ఏట మా వీధిలో ఒక పిల్లకు కాన్పు కష్టమైంది. అత్తింటివాళ్లది వెలుగోడు. పిల్ల మామ మాట కోసం మనిషి పోయాడు. నంద్యాలకు తీసుకుపొమ్మని ఎస్తేరమ్మ చెప్తూనే ఉంది, పిల్ల తండ్రి తలవంచుకుని "ఆయప్పని అడక్కుండా ఎట్ల?" అంటూనే ఉన్నాడు. సరేనన్న మాట మరునాడు మధ్యాహ్నానికి వచ్చింది. అప్పటికే ప్రాణం పోయిన పిల్లను చాపమీదికి దించారు. ఆమె ఎవరినీ నిందించలేదు. "ఈళ్లు చెడ్డోళ్లు కారు పెద్దాయనా. మాట అడగాల్సిన కాలం తప్పు. నొప్పులొచ్చినాక కాదు, గాజులప్పుడు అడగాల" అంది.

అప్పటినుంచి ఏ ఇంట్లో ఏడోనెల గాజులు తొడుగుతున్నా పిలవని పేరంటానికి వచ్చేది. మా బిడ్డ లక్ష్మి గాజులనాడు కూడా గొడుగు మడిచి మా అరుగుమీద కూర్చుంది. నా వియ్యంకుడు శిరివెళ్ల ఆసామి, మీసమంత మాట కలవాడు. ఆమె నేరుగా ఆయన్నే అడిగింది: "అయ్యా, గాజులు తొడిగేముందు మీ బావకు ఒక తాంబూలం ఇయ్యండి. కష్టమైతే ఆసుపత్రికి కొంచబొమ్మని, మీ మాట కోసం కాచుకోవద్దని."

"శుభమా అని చేసుకుంటాంటే అశుభం మాట్లాడతాండావే!" అని ఆయన లేచాడు.

"ఇరుసుకు కందెన పెట్టేది బండి ఇరగాలనా అయ్యా?"

పందిట్లో కొందరు నవ్వారు. నేను మాత్రం వియ్యంకుడి మొగం చూస్తూ కూర్చున్నాను. అప్పుడు లోపలినుంచి మా వియ్యపురాలు వచ్చింది. "ఐదుగురిని కన్నా, ఇద్దరిని మట్టిలో పెట్టినా. నువ్విస్తావా, నన్నియ్యమంటావా?" అని మొగుణ్ని అడిగింది. ఆయన మీసం దువ్వుతూ ఉండగానే ఆకువక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆడదాని చేతి తాంబూలం వియ్యంకుడు అందుకోవడం మా వంశంలో అదే మొదలు.

రెండు నెలలకు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. ఎస్తేరమ్మ చూసి, చేతులు కడుక్కుని, "ఇది నా చేతుల్లో ల్యా. నంద్యాలకు పదండి" అంది. నేనేమన్నానో రాయడానికి ఇప్పటికీ సిగ్గు. "శిరివెళ్లకు మనిషిని పంపిస్తా" అన్నాను.

"తాంబూలం అరిగిపోయ, ఆ మాట మాత్రం నీకింకా అరగల్యా?" అని ఆమె కసిరింది.

మధ్యాహ్నం బస్సులో ముందు సీట్లన్నీ ఖాళీ చేయించి లక్ష్మిని పడుకోబెట్టాము. శిరివెళ్లలో బస్సు ఆగింది. నా కాళ్లు వాటంతట అవే లేచాయి. ఎస్తేరమ్మ నా పంచె పట్టి లాగింది: "దిగితే అడిగినట్టే. కూచో." కూర్చున్నాను. సాయంత్రానికి ఆపరేషన్ అయింది. తల్లీ బతికింది, ఆడబిడ్డా బతికింది.

మరునాడు వియ్యంకుడు ఆసుపత్రి వరండాలోకి వచ్చి, "మా ఊరిమీదనే పోతాండి ఒక కేకైనా ఎయ్యకపోతివే బావా!" అన్నాడు.

"మాట ముందే ఇచ్చినారు గదా."

"నేను యాడిచ్చినా? నా పెండ్లాం ఇచ్చింది!" అని మనవరాలిని చూసి పకపకా నవ్వాడు.

ఇప్పుడు ఆళ్లగడ్డ నుంచి అహోబిలం దాకా ఎన్నో ఇండ్లలో గాజులప్పుడు ఆ తాంబూలం ఇస్తున్నారు. ముసలమ్మలు అది శాస్త్రమే అంటున్నారు. ఒక పురోహితుడు మంత్రం కూడా కలిపాడు. ఎస్తేరమ్మకు చెబితే, "పోనీలే, నా పేరు ల్యాకపోతేనే పది కాలాలుంటాది" అంది. ఎవరి పేరూ లేని శాస్త్రంగా మిగిలిపోవడానికి ఎంత పెద్ద మనసుండాలి! కేంద్రానికి మరొక నర్సు వస్తుంది. పిలవని ఇంటికి పోయి, అవమానాన్ని గొడుగులా మడిచి పక్కన పెట్టుకుని కూర్చునే మనిషి మాత్రం మళ్లీ రాదు.

ఆ గురువారమే నంద్యాలలో అంత్యక్రియలు. మా ఇండ్ల ఆడవాళ్లు శ్మశానానికి పోరు. ఆ మధ్యాహ్నం బస్సు మాత్రం వాళ్లతోనే నిండి, మగవాళ్లకు చోటు దొరకలేదు. శిరివెళ్లలో లక్ష్మి కూతురి చెయ్యి పట్టుకుని ఎక్కింది. "మీ మామను అడిగినావా అమ్మా?" అన్నాను.

"అడిగేదేంది నాయనా? చెప్పొచ్చినా."

నేను నంద్యాల దాకా నిలబడే పోయాను. ఆ మహాతల్లికి నేను చేసిన మర్యాద అదొక్కటే.