కారవాన్‌లో పొంగిన పాలు

ఆ రోజుల్లో నాకు ఇంగ్లిషులో అచ్చయిన కాగితం మీద ఉన్నంత గురి మనుషుల మీద ఉండేది కాదు. కువైట్ వచ్చి రెండు నెలలు. రుమైథియాలో ఒక పెద్దింట్లో వంట చేసే మా పిన్ని, ఆ ఇంటావిడని (అందరూ "మామా" అనాలి, అంటే అమ్మ; వయసుతో నిమిత్తం లేదు) బతిమాలి నాకు వాళ్ల ఆఫీసులో గుమాస్తా పని ఇప్పించింది. ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతి, ఇంకా పడలేదు. అది పడేదాకా నా ఉద్యోగం మామా నోటి మాట మీద వేలాడుతోంది.

చలికాలం వస్తే అక్కడి కుటుంబాలు ఎడారిలో మకాం పెడతాయి. ఆ ఏడు మామా కొత్త కారవాన్ కొంది. బండి వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లన్నమాట. "చదువుకున్నవాడివి, అన్నీ చూసి సంతకం పెట్టు. తేడా వస్తే విమానం ఎక్కిస్తా" అని నన్ను పంపుతూ, వంటగది చూడ్డానికి పిన్నిని తోడిచ్చింది.

షెడ్డులో అమ్మకాలాయన (మాటకో "యల్లా" అని, అంటే కానివ్వండని, తొందరపెడతాడు కనుక యల్లాగారు అందాం) నా చేతికి లిస్టు ఇచ్చాడు. కిటికీ, టిక్కు. లైటు, టిక్కు. నేల నిగనిగలాడుతోంది, టిక్కు. అద్దంలో నన్ను నేను చూసుకుని మురిసి, దానికీ టిక్కు పెట్టాను. తిరిగి చూస్తే పిన్ని, చెప్పులు బయట విప్పి, పొయ్యి వెలిగించి, సంచిలో తెచ్చుకున్న గిన్నె పెట్టి పాలు కాస్తోంది!

"పిన్నీ! ఏంటిది?"

"కొత్తిల్లు కదరా. పాలు పొంగించకుండా ఎవరన్నా తీసుకుంటారేంటి?" అంది, నన్నే వెర్రివాణ్ని చూసినట్టు చూసి.

పొంగాయి. గట్టు మీదికి, గట్టు మీంచి నేల మీదికి. ఆ మాడు పొగకి పైకప్పులోని అలారం గుండెలవిసేలా కూసింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. యల్లాగారు పరిగెత్తుకొచ్చి అరబ్బీ, హిందీ కలిపి, "ఖలాస్! వాడేశారు, ఇక మీదే! యల్లా, సంతకం!" అని కలం నా ముక్కు కింద పెట్టాడు. నాకు కళ్ల ముందు విమానం. కలం అందుకున్నాను కూడా.

"ఉండరా, పాలేయి?" అంది పిన్ని, గుడ్డ పట్టుకుని కింద కూర్చుని. "లీటరు పాలు పోతే తుడవడానికి సుక్క లేదేంట్రా?"

దిగి బండి కిందికి వంగి చూశాం. సింకు గొట్టం కోసం నేలలో కోసిన కంత మూయకుండా వదిలేశారు. నా చెయ్యి దూరేంత కంత! అందులోంచి పాలు ధారగా కారుతున్నాయి. ఎడారిలో ఇసుకా తేళ్లూ నేరుగా వంటింట్లోకి వచ్చేవి. లిస్టులో "నేల" పక్కన నా టిక్కు చూసుకుని, దాన్ని అడ్డంగా కొట్టేశాను. యల్లాగారు మొదటిసారి యల్లా అనలేదు.

కంత మూసేదాకా సంతకం లేదని చెప్పి వచ్చేశాం. ఇంట్లో "ఎవరు కనిపెట్టారు?" అని మామా అడిగింది. నేను నోరు తెరిచేలోగా పిన్ని, "మావోడే మామా. పాలు పోసి మరీ చూశాడు" అనేసింది. నేను తెరిచిన నోరు మూసేశాను. పది రోజుల్లో నా ఇఖామా పడింది.

ఆ కథ నా తెలివిగా చెప్పుకుని సాల్మియాలో ఎన్ని విందుల్లో నవ్వించానో! నిజం చెప్పడం ఇదే మొదలు. పిన్నికి చదువు రాదు గనుక ఇది చదవదన్న ధైర్యం ఒకటి. ఎవరైనా చదివి వినిపిస్తే మటుకు, "ఆ గిన్నె అక్కడే వదిలేసొచ్చాం కదరా" అంటుంది. అంతే అంటుంది.