గీనా పాటను మింగిన పెద్ద డిస్కు

దోన్కాకు కోపం ముక్కు మీదే ఉంటుందని గబ్రొవోలో అందరూ అంటారు. ఉండదా మరి? ఊరి సాంస్కృతిక భవనంలో ఇరవై ఏళ్లుగా యంత్రాల బాగోగులు చూసేది ఆవిడ. వాటికి ఏం కొనాలో తేల్చేది కార్యదర్శి మింకో. పిల్లి తోక కత్తిరిస్తే తలుపు త్వరగా మూయొచ్చు, పొయ్యి వేడి మిగులుతుంది అని తమ పిసినారితనం మీద తామే జోకులేసుకునే ఊరది. మింకోకి మాత్రం అది జోకు కాదు, జీవితాశయం.

కొండపల్లెల ముసలమ్మల పాటలు దోన్కా ఊరూరా తిరిగి టేపుల మీద పట్టింది. అందరికంటే ముందు పట్టింది తన తల్లి గీనా పాట. ఆ టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించే కార్డు భవనంలోని పాత డబ్బా కంప్యూటర్లో తప్ప ఇంకెందులోనూ పట్టదు. దాని డిస్కు నిండిపోవడంతో, చవగ్గా దొరికిందని మింకో ఓ పెద్ద డిస్కు పట్టుకొచ్చాడు.

"ఇది దీనికి నప్పదు బాబాయ్. ఈ ముసలిదానికి నూట ముప్పై ఏడు గిగాబైట్ల దాకానే లెక్క వచ్చు. అది దాటితే ఆగి చావదు, మళ్లీ మొదటికొచ్చి పాతవాటి మీదే రాసేస్తుంది. పెద్ద డిస్కుల లెక్క తెలిసిన ఇంకో చిన్న కార్డు దీనికి తగిలించాలి. అదొచ్చేదాకా ముట్టుకోకండి," అంది దోన్కా.

"డిస్కు కొన్నది చాలక దానికో పనిమనిషిని కూడా పెట్టాలా అమ్మాయ్?"

ఆ శరదృతువులో గీనా పోయింది. మంచు మొదలయ్యాక దోన్కా జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. చలికాలమంతా ఆవిడ మంచం మీద ఉండగా, మింకో తన ఇంటి కొత్త కంప్యూటర్లో డిస్కు సిద్ధం చేసుకొచ్చి పాతదాంట్లో బిగించేశాడు. చోటంతా చక్కగా కనిపించింది. పాత డిస్కులోని పాటల్ని దాంట్లోకి మార్చి, ఇక మిగిలిన టేపులన్నీ ఎక్కిస్తూ పోయాడు.

వసంతంలో కర్ర పొడుచుకుంటూ వచ్చిన దోన్కా ముందుగా తల్లి పాట తెరవబోయింది. తెరుచుకోలేదు. దాని తర్వాతవీ అంతే.

"పాత డిస్కేదీ?"

"అందులోవన్నీ చెరిపేసి లెక్కల కంప్యూటర్లో పెట్టా. ఊరికే పడుంటే ఏం లాభం?"

"టేపులు?"

"వాటి మీద మన నాట్యబృందం రిహార్సళ్లు పట్టా. కొత్తవి కొనే పని తప్పింది కదా..."

"నీ పొదుపు పాడుగాను! తోక అనుకుని మెడ కోశావు కదయ్యా!" దోన్కా కర్ర బల్లమీద ఠపీమని పడింది. కాఫీ కప్పు ఎగిరి కింద పడింది. మింకో ముక్కలేరుతూ గొణిగాడు.

"అరవకు తల్లీ. తప్పే. నువ్వు ఆవిడ కూతురివి, పాట నీకు రాదా? పాడు, మళ్లీ పట్టుకుందాం."

దోన్కా పళ్లు నూరింది. ముందు తను అప్పుడు చెప్పిన ఆ చిన్న కార్డు తెప్పించి, తగిలించి, దగ్గరుండి సరిచూసుకుంది. తర్వాత మైకు ముందు కూర్చుని, జన్మలో ఎన్నడూ నలుగురిలో గొంతెత్తని మనిషి, తిట్టినట్టే పాడింది. మొదటి చరణం వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడోది మొదలుపెట్టబోయి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

తల్లి ఆ చరణం పాడినప్పుడల్లా దోన్కా టేపు పెట్టె మీదే కళ్లు పెట్టుకుని కూర్చునేది. యంత్రం వింటోంది కదా అని తను వినలేదు.

"ఆపెయ్యమంటావా?" అన్నాడు మింకో మెల్లగా.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా," అంది దోన్కా. డిస్కు తిరుగుతూనే ఉంది. దాంట్లో చోటుకు మాత్రం కొదవ లేదు.