దేవకుమారి టీచరు జతలాట

ఇంగ్లీషు మాటలకు స్పెల్లింగులు పెట్టింది ఎవడో గానీ, వాడి చెయ్యి విరగ! నోటితో అనేదొకటి, చేత్తో రాసేదొకటి. తెనాలిలో పుట్టిన దేవకుమారి చిన్నప్పుడు ఈ గోలంతా బెత్తం దెబ్బలతో నేర్చుకుంది. అందుకే అరవైల్లో బాపట్లలో ట్రైనింగ్ ముగించి, రేపల్లె దాటి సముద్రం వైపున్న ఒక ఊరి బడిలో చేరాక, బెత్తం ముట్టకుండా సొంతంగా ఒక ఆట కనిపెట్టింది. దానికి జతలాట అని పేరు.

ఒకేలా పలికి వేరేగా రాసే మాటలను ఏరి, ఇద్దరిద్దరు పిల్లలకు ఏడాది మొత్తానికీ పంచేసేది. డెబ్బయ్యేడులో ఆరో తరగతి పిల్లల్లో సుశీలది పువ్వు, రత్నానిది పిండి. పువ్వుకు చివర ఓ, డబ్ల్యూ, ఈ, ఆర్. పిండికి ఓ, యు, ఆర్. పలకడానికి మాత్రం రెండూ ఫ్లవరే. టీచరు "ఫ్లవర్!" అనగానే ఇద్దరూ లేవాలి. తరవాత ఆవిడ ఒక వాక్యం చెబుతుంది. అందులో ఎవరి మాట ఉంటే వాళ్లు స్పెల్లింగు చెప్పి కూర్చోవాలి, రెండోవాళ్లు వెంటనే కూర్చోవాలి.

"ఏంటే పిండీ, జల్లెడ పట్టారా నిన్ను?" అని సుశీల ఏడిపించేది. రత్నం ఊరుకునే రకమా? జడ పట్టుకుని గుంజేది.

ఆ నవంబరులో ఉప్పెన వచ్చింది. రత్నం వాళ్ల గుడిసె సముద్రానికి దగ్గర. ఇంటిల్లిపాదీ కొట్టుకుపోయారు.

బడి మళ్లీ తెరిచారు. సుశీల వచ్చింది గానీ కూర్చోదు. ఇంటిగంట దాకా బెంచీ దగ్గర నిలబడే ఉంటుంది. బతిమాలారు, కసిరారు, భుజాలు నొక్కి కూర్చోబెట్టారు. చెయ్యి తీయగానే లేచేది. పిల్లకి గాలి సోకిందని ఊరంతా గుసగుసలు.

"మిగతా పిల్లలు జడుసుకుంటున్నారండి. రేపు కూడా ఇట్టాగే ఉంటే బడి మానిపించేద్దాం," అన్నాడు హెడ్మాస్టరు ప్రకాశరావు.

అసలు జడుసుకున్నది దేవకుమారే. సుశీల పక్కన ఖాళీ చూస్తే ఆవిడకు ఒళ్లు జలదరించేది. అక్కడెవరో ఊపిరి బిగబట్టుకుని నిలబడినట్టుండేది. బోర్డు వైపు తిరిగితే ఆ చూపు వీపున తగిలేది. జతలాట ఊసే ఎత్తలేదు మళ్లీ.

ఆ సాయంత్రం సుశీలను ఆపి అడిగింది. "ఎందుకు కూర్చోవమ్మా? నాతో చెప్పు తల్లీ."

"రత్నం కూర్చోలేదుగా టీచర్."

"అదేంటే?"

"ఉప్పెన వచ్చిన శనివారం మీరు ఫ్లవర్ అన్నారు. ఇద్దరం లేచాం. గాలి పెద్దదైందని బడి వదిలేశారు. మీరు వాక్యం చెప్పలేదండి. అది అట్టాగే నిలబడి ఉంటే నేనెట్టా కూర్చోను?"

నిజమే, చెప్పలేదు. చెప్పాల్సింది పువ్వు వాక్యమే. పిండి వాక్యం చెబితే స్పెల్లింగు ఎవరు చెబుతారు? కానీ పువ్వు వాక్యం వింటే రత్నం కూర్చోవాలి, అంటే ఆ పిల్లను తన నోటితోనే పంపేసినట్టవుతుంది. చెప్పకపోతే ఈ పిల్ల చదువు రేపటితో సరి.

"ద ఫ్లవర్ ఈజ్ రెడ్," అంది ఎలాగో.

సుశీల పక్కకు చూసింది. కాసేపు ఆగింది.

"కూర్చుందండి," అంది. తరవాత ఒక్కో అక్షరం చెప్పి, తనూ కూర్చుని, బెంచీ మీద తల వాల్చి భోరుమంది.

దేవకుమారి ధైర్యం చేసి ఆ ఖాళీ వైపు చూసింది. అక్కడెవరూ లేరు. ఇన్నాళ్లూ తనను వణికించిన ఆ భయమే తిరిగి కావాలనిపించింది ఆవిడకి.